బావమరుదుల డాక్టరు

మీ బావమరిదికి రాత్రిళ్లు నిద్ర పడుతోందా?

ముఖం చిట్లించుకోకండి. అడుగుతున్నది మిమ్మల్నే. “మా బావమరిదికేం, గుండ్రాయిలా ఉన్నాడు” అని మీరు నవ్వేసి ఉంటే చాలా సంతోషం. అలా కాక “ఈయనకెవరు చెప్పారు?” అని ఒక్క క్షణం గుండె జారి ఉంటే మాత్రం ఇది చివరిదాకా చదవండి. మీ కోసం ఒక మనిషి తన పరువు తానే తీసుకున్నాడు. నేను రాస్తున్నది ఆయన గురించి.

పోయిన వారం నర్సీపట్నం బస్టాండు ఎదుట టీ తాగుతున్నాను. పక్క బల్ల మీద ఇద్దరు కుర్రాళ్లు ఒకే ఫోను మీదికి వంగి పగలబడి నవ్వుతున్నారు. ఫోనులోంచి ఒక గొంతు వినిపించింది. “ఆ బావమరిదిని లైన్లోకి పిలవండీ!” వెంటనే డప్పు మోత, ఆ వెనక ఎవరివో అరువు నవ్వులు. నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆ గొంతు గల మనిషి పోయి ఏడాది దాటింది.

“ఎవరు బాబూ ఆయన?” అని తెలియనట్టే అడిగాను.

“కామెడీ డాక్టరండి. మన నర్సీపట్నమేనంట.”

“ఇప్పుడేం చేస్తున్నాడు?”

“ఏటో తెల్దండి. సిన్మాల్లోకి ఎల్లిపోయుంటాడు.”

ఆయన వింటే ఎంత మురిసిపోయేవాడో అనుకున్నాను. చచ్చిపోయాడని కాకుండా సినిమాల్లోకి వెళ్లిపోయాడని ఊరు అనుకుంటే ఆయనకి అంతకంటే కావలసింది లేదు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయనకి మహా ఇష్టం. టీవీలో తన బొమ్మ కింద పడే అక్షరాలు యాంకరమ్మ అక్షరాలకంటే చిన్నవిగా ఉన్నాయని ఛానెల్ వాళ్లతో తగువు పెట్టుకున్న మనిషి ఆయన. నా వ్యాసం ఎక్కడ అచ్చయినా, విషయం మూఢనమ్మకమైనా మున్సిపాలిటీ కాలువైనా, అందులో తన పేరుందేమోనని మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి వెతుక్కునేవాడు. లేకపోతే “ఈసారి వ్యాసం కొంచెం పలచగా ఉంది మేస్టారూ” అనేవాడు. ఆయన బతికున్నన్నాళ్లూ రాయలేదు. ఇప్పుడూ రాయను. పగే అనుకోండి.

ఆయన మందులు రాసే డాక్టరు కాదు. మాట్లాడే సైకాలజిస్టు. మందు అవసరమైన వాళ్లని విశాఖపట్నంలో తనకు తెలిసిన మానసిక వైద్యుడి దగ్గరికి పంపేవాడు. నర్సీపట్నం మెయిన్ రోడ్డులో ఒక ఎరువుల కొట్టు ఉంది. ఆ కొట్టు పైన ఆయన గది. కింద బోర్డు లేదు. గది తలుపు మీద కూడా పేరు లేదు. అంత పేరుపిచ్చి గల మనిషి అక్కడ మాత్రం పేరు పెట్టుకోలేదు. ఎందుకని అడిగితే ఇలా చెప్పాడు:

“గొలుగొండ రైతు ఎరువుల కొట్టు మెట్ల దగ్గర కనిపిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? యూరియాకి వచ్చాడనుకుంటారు. అదే నా పేరున్న బోర్డు కింద కనిపిస్తే? వాడి చెల్లెలి పెళ్లి కూడా ఆగిపోతుంది మేస్టారూ.”

ఆ మెట్లెక్కి వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా తమ కోసం రాలేదు. ఇది నేను అతిగా చెప్పడం లేదు. అందరూ బావమరిది కోసమే వచ్చారు. నేను పేపరు చదువుకునే నెపంతో బయట వరండాలో కూర్చునేవాణ్ని. లోపల మాటలు వినకూడదు, నిజమే. కానీ ఆ చెక్క తలుపు సంస్కారం తెలిసిన తలుపు కాదు.

“నాకేటీ లేదండి. మా బావమరిది గురించండి.”

“చెప్పండి. ఏమైంది బావమరిదికి?”

“నిద్దర లేదండి. సవితి పండగ ముందుకాణ్నుంచి ఇదే వరసండి.”

“అన్నం తింటున్నాడా?”

“ముద్ద దిగదండి. నోరంతా సేదు.”

“నోరు చేదుగా ఉందని ఆయన మీకు చెప్పాడా?”

“సెప్పక్కర్లేదండి. తెలుస్తాది.”

“బావమరిది మీ ఊళ్లోనే ఉంటాడా?”

“మాకాడేనండి. ఒకే మంచం… ఒకే వీధండి.”

“మంచిది. మీ బావమరిదికి నేను చెప్పినట్టు చెప్పండి. సాయంత్రం పూట పొలం నుంచి నడిచి రమ్మనండి, బండెక్కొద్దని. రాత్రి మెలకువ వస్తే మంచం మీద దొర్లొద్దు, లేచి ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడమనండి. వచ్చే వారం బావమరిదికి ఎలా ఉందో మీరే వచ్చి చెప్పండి. ఆయన రానక్కర్లేదు.”

ఆ వచ్చినాయన తేలిగ్గా మెట్లు దిగి, కొట్లోంచి ఒక ఎరువుల బస్తా అవసరం లేకపోయినా బేరమాడి, పది మందికీ కనపడి వెళ్లేవాడు.

బావమరిదే ఎందుకు? ఆయన దీని మీద ఒక సిద్ధాంతం కట్టాడు. ఆ సిద్ధాంతం చెప్పేటప్పుడు ఉడకబెట్టిన పనసపిక్కలు ఒలుచుకుంటూ, పొట్టు నా పేపరు మీద పోసేవాడు. “అన్నకి బాగోలేదంటే వంశానికి మచ్చ. కొడుక్కి బాగోలేదంటే సంబంధాలు రావు. తండ్రికి అంటే ఆస్తి తగాదా అనుకుంటారు. బావమరిదికి అంటే? మనిషి మన ఇంట్లో మనిషే. ఇంటిపేరు మాత్రం వేరు! రోగం ఇంట్లోనే ఉంటుంది, మచ్చ మాత్రం అవతలి ఇంటికి పోతుంది. ఇంత తెలివైన ఏర్పాటు ఏ యూనివర్సిటీలో ఉంది?”

“మరి ఆడవాళ్లో?”

“ఆడపడుచు. అదే సూత్రం. కొంచెం కసి అదనం.”

నాకు ఒళ్లు మండేది. నేను హేతువాదిని. అబద్ధం చిన్నదైనా పెద్దదైనా అబద్ధమేనని సభల్లో బల్ల గుద్ది చెప్పి బల్లలు విరగ్గొట్టిన వాణ్ని. “మీరు మూఢత్వానికి కుర్చీ వేసి కూర్చోబెడుతున్నారు. జబ్బుకి సిగ్గేమిటి? మధుమేహం వచ్చినవాడు బావమరిది మూత్రం తెచ్చి పరీక్ష చేయిస్తాడా? మొహం మీద చెప్పండి, ఈ జబ్బు నీదేనయ్యా అని” అని అరిచేవాణ్ని.

“చెప్తాను. మర్నాటి నుంచి రాడు.”

“రాకపోతే పోనీండి. నిజం ముందు.”

“మనిషి ముందు రావాలి మేస్టారూ. నిజం తర్వాత బస్సుకొస్తుంది.”

వాదంలో నాతో గెలిచానని ఆయన అనుకునేవాడు. ఆయనతో గెలిచానని నేననుకునేవాణ్ని. అందుకే మా స్నేహం అన్నాళ్లు నిలిచింది.

గొలుగొండ దగ్గర ఒక ఊళ్లో దయ్యాలు వదిలించే భూతవైద్యుడి గుట్టు రట్టు చేయడానికి నేను ఒకసారి ప్రదర్శన పెట్టాను. నాలుక మీద కర్పూరం వెలిగించాను. కొబ్బరికాయలోంచి నెత్తురు తెప్పించి, అది ఎలా వచ్చిందో రసాయనం పేరుతో సహా చెప్పాను. జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక, ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టిన కుటుంబమే ఊగిపోతున్న తమ పిల్లని నడిపించుకుంటూ తిన్నగా ఆ భూతవైద్యుడి ఇంటికే వెళ్లింది. ప్రదర్శనకి మన డాక్టరు కూడా నాతో వచ్చాడు. తిరుగుదారిలో అన్నాడు: “భూతం లేదని భలే నిరూపించారు మేస్టారూ. ఆ పిల్లకి రాత్రి నిద్ర ఎవరు రప్పిస్తారో అది కూడా చెప్పి ఉండాల్సింది.” నాలుక కాలి ఉండటం వల్ల నేను జవాబివ్వలేదు. లేకపోతే ఇచ్చేవాణ్నే.

ఇలాంటి మనిషి టీవీలోకి వెళ్లాడు. ముందు మన ఊరి కేబుల్లో పండగ పూట పది నిమిషాలు మాట్లాడాడు. అది చూసి విశాఖపట్నం వాళ్లు పిలిచారు, వాళ్లని చూసి హైదరాబాదు వాళ్లు పిలిచారు. శనివారం సాయంత్రం ఫోన్ల కార్యక్రమం. పసుపు సోఫా, ప్లాస్టిక్ పూలు, “సార్ సార్” అంటూ మాటమాటకీ మెలికలు తిరిగే యాంకరమ్మ. ఆయన మాట మొదటి నుంచీ సరసమైనదే. కెమెరా ముందు అది ఇంకా చిగురేసింది. అత్తాకోడళ్ల తగువు తీర్చమంటే రెండు గొంతులూ తానే మాట్లాడేవాడు. పరీక్ష తప్పిన కుర్రాడికి ధైర్యం చెబుతూ, తాను తప్పిన పరీక్షలన్నీ ఏకరువు పెట్టేవాడు. జనానికి నచ్చేశాడు. నచ్చకుండా ఎలా ఉంటుంది? సైకాలజిస్టంటే కళ్లజోడు కిందినుంచి చూసి భయపెట్టేవాడని అనుకున్న జనం, పక్కింటి మామయ్యలా మాట్లాడేవాణ్ని చూశారు.

కీర్తి వచ్చాక ఆయన్ని చూసి తీరాలి. జుట్టుకి నల్లరంగు వచ్చింది. చొక్కా కాలరు మీద పౌడరు ఎప్పుడూ తుడుచుకునేవాడు కాదు, స్టూడియో నుంచి వస్తున్నానని ఊరికి తెలియొద్దూ! కారు కొనుక్కోలేదు. షేరాటోలోనే తిరిగేవాడు, డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ. గుర్తుపట్టి ఇబ్బంది పెడతారని నల్లకళ్లద్దాలు పెట్టుకునేవాడు. ఆటో కాస్త దూరం పోయినా ఎవరూ గుర్తుపట్టకపోతే, చెమట తుడుచుకునే వంకతో కళ్లద్దాలు తీసి వెనక్కి తిరిగి అందరి వైపూ చూసేవాడు. “ఓలమ్మ! టీవీ డాక్టరుగారు కాదేటి!” అని ఒక ముసలమ్మ అంటే చాలు, ఆ పూట ఆయనకి భోజనం అక్కర్లేదు.

ఒక శనివారం తాడేపల్లిగూడెం వైపు నుంచి ఎవరో ఫోను చేసి “మా బావమరిదికి కోపం ఎక్కువండి” అన్నాడు. ఆయన నవ్వుతూ “బావమరిది అక్కడే ఉన్నాడుగా, లైన్లోకి పిలవండి!” అన్నాడు. అవతలివాడు నీళ్లు నమిలాడు. యాంకరమ్మ సోఫా మీద పడి నవ్వింది. ఛానెల్ వాళ్లు డప్పు మోత కలిపారు. మరుసటి వారం నుంచి ఎవరు ఏ చుట్టం పేరెత్తినా అదే మాట, అదే డప్పు. “ఆ బావమరిదిని లైన్లోకి పిలవండీ!” రాష్ట్రమంతా నవ్వింది. ఆటోల వెనక స్టిక్కర్లు వేశారు. పెళ్లిళ్లలో బావమరుదుల్ని ఏడిపించే పాటలయ్యాయి. నేనూ సంబరపడ్డాను. అబద్ధం బట్టలూడి బజార్లో నిలబడింది కదా!

అప్పటి నుంచి ఎరువుల కొట్టు మెట్ల మీద జనం తగ్గారు. పోనుపోను ఎవరూ రావడం మానేశారు. ఆయన గదిలో కూర్చుని పనసపిక్కలు ఒలుచుకుంటూ, “టీవీ చూసి ఇంట్లోనే బాగైపోతున్నారు మేస్టారూ. ఇక ఈ గది ఖాళీ చేసేయొచ్చు” అన్నాడు. నిజంగానే నమ్మాడు. మనసుల లోతులు కొలిచే మనిషి, తన మెట్ల మీద దుమ్ము ఎందుకు పేరుకుందో పోల్చుకోలేకపోయాడు. మెచ్చుకోలుకి ఆ శక్తి ఉంది.

సంగతి కింద కొట్టు యజమాని చెప్పాడు. అతను నోరు విప్పడమే అరుదు. ఒకరోజు మధ్యాహ్నం పైకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“డాక్టరుగారూ, మీకు సెప్పొచ్చో లేదో. మీ మెట్ల మీద ఎవులు కాలెట్టినా ఎదురు కొట్టు కుర్రోళ్లు ‘బావమరిదొచ్చాడ్రా’ అని ఈలలేస్తన్నారండి. మొన్న ఒక ఆడమనిషి ఏడ్సుకుంటా ఎల్లిపోనాది.”

ఆయన చేతిలో పిక్క అలాగే ఉండిపోయింది.

“ఇంకోటండి. ఆ గొలుగొండ సెరుకు రైతు లేడూ, ఆయన పొద్దున్నొచ్చాడు. మెట్లకాడ నిలబడ్డాడు. ఈలలినబడినాయి. పైకెక్కలేదు. కొట్లోకొచ్చి, నాకాడ దాచిన మందు డబ్బా అడిగి పట్టుకెల్లిపోనాడండి. ఇప్పుడు సెరుక్కి మందు కొట్టే పని లేదు గదండీ.”

ఆ డబ్బా సంగతి నాకు తెలుసు. ఆ రైతు కూడా బావమరిది కోసం వచ్చేవాడే. అప్పుల్లేవు, తగువుల్లేవు, పంట బాగానే ఉంది, అయినా బావమరిదికి బతకాలని లేదు. లోపలంతా చీకటిగా ఉంటుందని చెప్పాడు. డాక్టరుగారు వెంటనే పొలం మందులేవీ బావమరిది చేతికందే చోట ఉండకూడదని చెప్పి, ఇంట్లో ఉన్న డబ్బాని కింద కొట్లో దాచమని ఏర్పాటు చేశాడు. వారం వారం రమ్మన్నాడు. విశాఖపట్నం డాక్టరు దగ్గరికి బావమరిదిని ఒప్పించి తీసుకెళ్లమని బతిమాలుతున్నాడు. ఇంకొక్క అడుగు దూరంలో ఉండగా డప్పు మోగింది.

ఆయన ముఖం ఆ రోజు ఎలా ఉందో నేను వర్ణించను. లేచి చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాడు. నా స్కూటరు వెనక ఎక్కి, “బేగి పోనివ్వండి” అన్నాడు. టీవీలోకి వెళ్లాక ఆయన నోట ఊరి మాట రావడం అదే మొదటిసారి.

గొలుగొండలో ఇంటి దగ్గర రైతు భార్య పెరట్లో గిన్నెలు తోముతోంది. “సేనుకాడున్నారండి. సెరుక్కి జడలేస్తన్నారు” అంది. గాలికి పడిపోకుండా నాలుగు చెరకు మొక్కల్ని దగ్గరికి లాగి వాటి ఆకులతోనే జడ అల్లినట్టు కట్టే పని అది. మేం వెళ్లేసరికి ఆ రైతు నిజంగా జడలు వేస్తూనే ఉన్నాడు. డబ్బా గట్టు మీద ఉంది. మూత తీయలేదు. నా ప్రాణం కుదుటపడింది. ఆయన మాత్రం కుదుటపడలేదు.

రైతు తల తిప్పలేదు. “రండి బాబూ. మా బావమరిది బాగానే ఉన్నాడండి. ఇంక మీకు శ్రమక్కర్లేదు” అన్నాడు.

ఇక్కడ నేను ఉపన్యాసానికి సిద్ధమయ్యాను. ఆయన నా చేయి నొక్కాడు. తర్వాత తోటలో దిగి, పట్టుచొక్కా మీదే చెరకు మొక్కల్ని దగ్గరికి లాగి పట్టుకున్నాడు. రైతు జడ వేశాడు. ఇద్దరూ ఒక వరస అలాగే పోయారు. చెరకు ఆకు అంచులు ఆయన చేతుల్ని కోస్తున్నాయి. నోరు మూసుకుని ఉండటం చేతకాని మనిషి ఒక వరస పొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత అన్నాడు:

“నేను మీ బావమరిది కోసం రాలేదు. నా సంగతి చెప్పుకుందామని వచ్చాను.”

“మీకేటండీ? టీవీలో నవ్వుతానే ఉన్నారు గదా.”

“టీవీలో నవ్వుతాను. ఇంటికెళ్లాక తెల్లారేదాకా కళ్లు మూతపడవు. నాకు చాలా ఏళ్లుగా ఈ జబ్బుంది. టీవీకి ముందు నుంచే ఉంది. విశాఖపట్నంలో మీ బావమరిదిని చూపించమన్న డాక్టరున్నాడే, నేనూ ఆయన మందే వాడుతున్నాను. మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు. ఈ మేస్టారికి కూడా ఇప్పుడే తెలుస్తోంది.”

నేను గట్టు మీద కూర్చుండిపోయాను.

“మొదటిసారి ఆ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నేనేం చెప్పానో తెలుసా?” అని అడిగాడు ఆయన. రైతు జడ ఆపి చూశాడు. “మా బావమరిదికి బాగోలేదండి అన్నాను.”

రైతు ఒక్క క్షణం ఆగి, చెరకు తోట దద్దరిల్లేలా నవ్వాడు. “ఓరి బాబోయ్! సదువుకున్నోరికి మీకూ బావమరిదేనేటండి!”

“నాకూ బావమరిదే.”

“మరి ఆ డాక్టరుగారేటన్నాడండి?”

“బావమరిదిని తర్వాత చూద్దాం, ముందు నీ నాలుక చూపించవయ్యా అన్నాడు.”

రైతు మళ్లీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ చెరకు మొక్క పట్టుకుని నిలబడ్డాడు. కొంతసేపటికి భుజాలు కదలడం ఆగలేదు గాని నవ్వు ఆగిపోయింది.

“నాకు బావమరిది లేడండి బాబూ. మా ఆడమనిషి వాళ్లమ్మకి ఒక్కతే బిడ్డ.”

“తెలుసు.”

“తెలుసా?”

“మొదటి రోజే తెలుసు. ఇద్దరం కలిసి లేనివాడికి వైద్యం చేస్తున్నాం. ఇక ఉన్నవాడికి చేద్దాం.”

రైతు గట్టు దగ్గరికొచ్చి డబ్బా తీసి నా చేతికిచ్చాడు. “మేస్టారూ, ఇది పట్టుకుపొండి. దీన్ని నాకు మళ్లీ ఇయ్యొద్దని ఆ కొట్టాయనకి గట్టిగా సెప్పండి.”

ఇంటికొచ్చాక భార్యకి ఎవరు చెప్పాలన్న తగువు వచ్చింది. “మీరు సెప్పండి బాబూ” అని రైతు అంటే, “నేను పక్కనుంటాను. చెప్పాల్సింది మీరే” అని ఆయన అన్నాడు. రైతు చెప్పాడు. ఆవిడ గిన్నె కింద పెట్టి, “నాకు తెల్దనుకున్నావా? నువ్వు రాత్రుళ్లు లెగిసి కూకుంటే నేను పడుకున్నానేటి? అడిగితే నీకు సిన్నతనమవుతాదని ఊరుకున్నాను” అంది. ఒకే గోడ కింద ఇద్దరు ఒకరి నుంచి ఒకరు ఒకే సంగతి దాచుకున్నారు. దయ్యాల మీద ఎన్ని సభలు పెట్టానో గాని, ఇంతటి దయ్యం నాకు ఎక్కడా తగల్లేదు.

మర్నాడు మొదటి బస్సుకే వాళ్లు ముగ్గురూ విశాఖపట్నం వెళ్లారు. డాక్టరు గది బయట బల్ల మీద ఆయనా రైతూ పక్కపక్కనే కూర్చున్నారట, ఇద్దరూ రోగులుగానే. ఆయన్ని గుర్తుపట్టి ఒకావిడ సెల్ఫీకి వచ్చిందట. “ముందు మందు రాయించుకోనివ్వండమ్మా, తర్వాత దిగుదాం” అన్నాడట. అన్నాడు గాని, ఫోటో దిగకుండా మాత్రం రాలేదు. ఫోటోకి ముందు జేబులోంచి దువ్వెన కూడా తీశాడని రైతే చెప్పాడు.

ఆ శనివారం కార్యక్రమం నేను కొట్టు యజమాని ఇంట్లో చూశాను. మొదలవగానే ఆయన యాంకరమ్మని ఆగమన్నాడు. “ఇన్నాళ్లూ నేను మీ బావమరుదుల్ని వెక్కిరించాను. తప్పు చేశాను. ఏదో ఒక చుట్టం పేరు చెప్పయినా సాయం అడగడానికి వచ్చిన మనిషిని చూసి నవ్వకూడదు. నవ్వించినవాణ్ని నేను. అసలు మందు వాడుతున్నది కూడా నేనే. మా బావమరిది కాదు. నేను” అన్నాడు. ఇదీ వేళాకోళమే అనుకుని వెనకనుంచి డప్పు మోగించారు. ఆయన చెయ్యెత్తాడు. డప్పు ఆగింది. యాంకరమ్మకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడే ఫోను మోగింది. ఒక ఆడగొంతు, ఏ ఊరో చెప్పలేదు. “నమస్కారమండి. మా ఆడపడుచుకండి, పురుడొచ్చాక ఏడుపాగట్లేదు…” అంది. ఆగింది. ఊపిరి వినిపించింది. “కాదండి. నాకేనండి” అంది.

కొట్టు యజమాని టీవీ వైపే చూస్తూ, “ఒలవొద్దు ఇప్పుడు” అన్నాడు భార్యతో. ఆవిడ చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది.

ఆ తర్వాత ఏమవుతుందో అదే అయింది. మందులు మింగే డాక్టరు మాకు వద్దని ఛానెల్ వాళ్లు మర్యాదగా చెప్పారు. పసుపు సోఫాలో జ్యోతిష్కుణ్ని కూర్చోబెట్టారు. నర్సీపట్నంలో “డాక్టరుకే పిచ్చంట” అన్నారు. ఆటోలో గుర్తుపట్టినవాళ్లు కొంచెం ఎడంగా జరిగి కూర్చున్నారు. ఆయన దానికీ ఒక లాభం కనిపెట్టాడు. “సీటు విశాలంగా దొరుకుతోంది మేస్టారూ” అన్నాడు. కానీ బాధపడ్డాడు. నాకు తెలుసు. జుట్టుకి రంగు మానేసిన రోజు నాకు తెలిసింది.

మెట్ల మీద జనం మళ్లీ పోటెత్తారని రాస్తే అబద్ధమవుతుంది. ఒకరో ఇద్దరో వచ్చేవారు. అయితే వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోగానే “నాకేనండి” అనేవారు. ఆయన గుండె ఆగి పోయేదాకా ఆ ఒకరిద్దరి కోసం గది తెరిచే ఉంచాడు. గొలుగొండ రైతు మందు వాడాడు, మధ్యలో ఒకసారి మానేసి మళ్లీ మొదలుపెట్టాడు, ఇప్పటికీ చెరకు వేస్తున్నాడు. డాక్టరు పోయినప్పుడు పాడెకి భుజం పట్టింది ఆ రైతే. ఎవరో “మీకేమవుతారండి?” అని అడిగితే, “నాకు వైద్యం సేసిన మనిషండి” అన్నాడు. పది మందిలో, గట్టిగా.

డప్పు మోత వీడియో మీ ఫోనులోకి ఏదో ఒక రోజు వస్తుంది. డప్పు ఆపిన వీడియో రాదు. అందులో నవ్వు లేదు కాబట్టి దాన్ని ఎవరూ ఎవరికీ పంపరు. ఆయనకి ఊళ్లో విగ్రహం పెట్టమని నేనడగను. పెడితే ఆయన సంతోషిస్తాడు, అందుకే అడగను. మీ జాలీ వద్దు. ఈ వ్యాసం బాగుందని నాకు ఫోనూ చేయొద్దు.

మీ ఇంట్లో తెల్లవారుజామున ఒంటరిగా కూర్చునే మనిషి ఉంటే, చిన్నతనమవుతుందని ఊరుకోకండి. ఈ పూటే పక్కన కూర్చుని అడగండి. పొలం మందులుంటే ఇంట్లోంచి తీసేయండి. ఆ మనిషి మీరే అయితే, ఈ పేజీ మూసి ఇంట్లో ఒకరికి చెప్పండి. రేపు బస్సెక్కండి. ఆసుపత్రి కిటికీ దగ్గర చీటీ రాసేవాడు తల ఎత్తకుండా “పేషెంటు ఎవరు?” అని అడుగుతాడు. అటూ ఇటూ చూడకండి. “నేనే” అనండి.